అట్ట గొట్టాలకి ఇంజినీర్ సంతకం: నా అనుభవం

పర్మిషన్ కాగితం నిన్న చేతికొచ్చింది. కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

విశాఖ బీచ్ రోడ్డులో ఒక ప్రదర్శన కోసం నేను కట్టింది మన ఉత్తరాంధ్ర చుట్టిల్లు ఆకారంలో ఒక ఇన్‌స్టలేషన్, లోపలికి నడిచి వెళ్ళొచ్చు. తాటాకు బదులు పాత వలలు, రాటల బదులు బట్టల తానులు చుట్టే అట్ట గొట్టాలు, చుట్టూ అరుగుకి ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఇటుకలు. గొట్టాలు పూర్ణా మార్కెట్ వైపు కొట్లలో ఉత్తినే ఇచ్చారు. ఫిషింగ్ హార్బర్‌లో తాత "సిరిగిన వలలు ఏటి సేసుకుంటావమ్మా" అని నవ్వుతూనే మోసిపెట్టాడు.

అసలు నరకం స్టెబిలిటీ సర్టిఫికెట్, అంటే ఇది కూలిపోదని ఇచ్చే కాగితం. జనం లోపలికి వెళ్తారు కాబట్టి స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం ఉండాల్సిందే అన్నారు నిర్వాహకులు. నేను వెళ్ళినాయన గొట్టం చూడగానే లోపలున్న కుర్రాళ్ళందరినీ పిలిచి "రండ్రా, అట్టపెట్టెతో ఇల్లు కడుతుందట" అన్నాడు. షిగెరు బాన్ అనే జపాన్ ఆర్కిటెక్ట్ ఇలాంటి గొట్టాలతోనే 2013లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో చర్చి కట్టాడు సార్, 2014లో ఆర్కిటెక్ట్‌లకిచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ కూడా వచ్చింది అని ఫోన్‌లో ఫొటో చూపిస్తే, ఫోన్ వైపు చూడకుండా తన నీళ్ళ బాటిల్ మూత తీసి గొట్టం మీద ఒంపేశాడు. నా చీర మీద కూడా పడ్డాయి. నేను రెండు పూతలు వార్నిష్ కొట్టి తెచ్చాను కాబట్టి నీళ్ళు గుండ్రంగా బొట్లు కట్టి టేబుల్ మీదికి జారిపోయాయి, ఆయన ఫైళ్ళే తడిశాయి. సారీ లేదు, "దీనికి ఐఎస్ కోడ్ ఏదమ్మా?" అన్నాడు, అంటే ఈ సామానుకి భారత ప్రమాణం ఏదని.

గాలి గురించి అడిగుంటే ఒప్పుకునేదాన్ని. కట్టడాల మీద పడే భారాల కోడ్ ఐఎస్ 875 ప్రకారం విశాఖకి లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి ఆ లెక్క ఎందుకో చెప్పక్కర్లేదు. అందుకే గుడ్డ కాకుండా వల కట్టాను, గాలి చాలావరకు దూరి పోతుంది. ఆ మాట వినే ఓపిక ఆయనకేదీ?

చివరికి స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఒక పెద్దాయన దారి చూపించారు. గొట్టం నిలబెట్టి, పైన పలక పెట్టి ఇటుకలు పేర్చమన్నారు. 40 పెట్టాం, దాదాపు 120 కిలోలు, కదల్లేదు. వీడియో తీసి, కొలతలు రాసి, తుఫాను హెచ్చరిక వస్తే గంటలో విప్పేస్తామని ఒక హామీ పత్రం జతచేస్తే ఇంకో ఇంజినీర్ టీ తాగుతూ సంతకం పెట్టేశారు!

కాబట్టి కొత్త సామానుతో కట్టేవాళ్ళు ఫొటోలు పట్టుకెళ్ళకండి, బరువు పరీక్ష వీడియో పట్టుకెళ్ళండి. పునాది తవ్వకుండా ఇసుక బస్తాలతో బిగించండి, ఒక అభ్యంతరం తగ్గుతుంది. మెడలో బంగారు గొలుసు, టేబుల్ మీద నీళ్ళ బాటిల్ ఉన్న ఇంజినీర్ దగ్గరికి మాత్రం వెళ్ళకండి. గొట్టాలు ఇంకా కొన్ని మిగిలాయి, వార్నిష్ కొట్టినవే, కావాల్సినవాళ్ళు ఎంవీపీ కాలనీ వచ్చి పట్టుకెళ్ళండి, ఆటో ఖర్చు మీదే.