గడప మీద రెండు పంచాంగాలు

మా గడప మీద లక్ష్మీపాదాలు కార్తీక పౌర్ణమి దాటిన మొదటి గురువారమే పడతాయి. తెలుగు పంచాంగం ప్రకారం అప్పటికి మార్గశిరం రావడానికి ఇంకా ఒకటి రెండు వారాలుంటుంది. ఒడిశాలో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. అందువల్ల రాయగడలో మా పక్కింటివాళ్ళ మాణబసా గురువారాలు, అంటే వాళ్ళ మార్గశిర లక్ష్మీపూజలు, ముందు మొదలై ముందే ముగుస్తాయి. మా అత్తయ్యగారి మార్గశిర లక్ష్మివారాలు ఆ తర్వాత వస్తాయి. మధ్యలో ఒకటి రెండు వారాలు రెండిళ్ళలోనూ ఒకేసారి పూజ జరుగుతుంది. ఇంతలో ధనుర్మాసం వచ్చేస్తుంది. గొబ్బెమ్మలు, కనుమ నాటి రథం ముగ్గు వరకూ చలికాలమంతా మా వాకిలి బోసిగా ఉండదు.

ఊరినుంచి వచ్చిన చుట్టాలు కొందరు, "వాళ్ళ ముగ్గులు మనకెందుకమ్మా?" అని అడుగుతుంటారు. మాది రాజమహేంద్రవరం. మావారి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చాం, పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. రైలెక్కితే పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విజయనగరం చేరిపోతాం. బజారులో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. అమెరికాలో ఉన్నవాళ్ళ దూరం మాకు లేదు. కానీ దగ్గరగా ఉన్నాం కదా, తెలుగు దానంతట అదే వస్తుందిలే అనుకున్న ఇళ్ళలోనే పిల్లలు తెలుగు చదవలేకపోవడం నేను ఇక్కడ చూశాను. ఇంకోవైపు, ఈ ఊళ్ళో పుట్టి పెరుగుతూ ఒడియావాళ్ళను "వాళ్ళు" అనే పిల్లలనూ చూశాను. ఈ రెండూ మా ఇంట్లో జరగకూడదని మావారూ నేనూ గట్టిగా అనుకున్నాం. అందుకే ఇల్లు సర్దుకోవడం మాకు పిల్లల పెంపకంలో ఒక పని అయింది.

మేముండేది అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టాలంటే ఇంటివారిని అడగాలి, రంగు మార్చడం కుదరదు. మా స్వతంత్రమంతా గడప మీద, గూళ్ళలో, పిల్లల బల్ల పైనున్న గోడమీదే. ఇంత తక్కువ చోటు ఉండడం మంచిదే అయింది. ఏది పెట్టాలన్నా అది ఇక్కడ ఎందుకుండాలో ముందు ఇంట్లో మాట్లాడుకోవలసి వస్తుంది.

తలుపు పక్కన పేరు పలక మీద ఇంటిపేరు తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటుంది. ఒడియా అక్షరాలు మా అమ్మాయి రాసి ఇచ్చింది. రెండు లిపులూ తాటాకు మీద ఘంటంతో రాస్తూ పెరిగినవే కాబట్టి ఆ గుండ్రదనం పక్కపక్కన చాలా అందంగా కుదిరింది.

ఇక గడప సంగతి. ఇక్కడి ఆడవాళ్ళు వేసే ఝోటి అనే ముగ్గుకు పొడి పిండి వాడరు. బియ్యం నానబెట్టి, రుబ్బి, పల్చని పిండిగా చేసి వేళ్ళతో గీస్తారు. వరికంకులు, పద్మాలు, వీధి గుమ్మం నుంచి పూజ దగ్గరి దాకా లోపలికి నడిచి వచ్చే లక్ష్మీపాదాలు. కొలపాత్రలో కొత్త వడ్లు నింపి దాన్నే లక్ష్మిగా కొలుస్తారు. చుక్కలు పెట్టి లెక్క ప్రకారం కలిపే మన ముగ్గుకు అలవాటుపడిన చేతికి ఝోటి మొదట పట్టుబడదు. మా అమ్మాయి మాత్రం రెండూ వేస్తుంది. చుక్కల ముగ్గు నానమ్మ దగ్గర, ఝోటి పక్కింటి మావుసి (పిన్ని) దగ్గర నేర్చుకుంది. నున్నటి టైల్స్ మీద ఆ పిండి ఎండి పెళుసుగా రాలిపోతుంది, బయటి సిమెంటు అరుగు మీద బాగా నిలుస్తుంది. ఈ సంగతి కూడా అదే కనిపెట్టింది.

ఆ గురువారాల్లో ఇక్కడ లక్ష్మీపురాణం చదువుతారు. ఒడియా భక్తకవి బలరామదాసు రాసినది. లక్ష్మి ఊరంతా తిరిగి చివరకు ఊరి బయట శ్రియ అనే చండాల స్త్రీ ఇంట్లో అడుగుపెడుతుంది. శ్రియ ఇల్లు అలికి, పిండితో పద్మం వేసి, భక్తితో పిలిచింది కాబట్టి వెళ్తుంది. అది తప్పని బలభద్రుడు పట్టుబట్టి తమ్ముడు జగన్నాథుడి చేత భార్య లక్ష్మిని ఇంటినుంచి పంపించేస్తాడు. ఆమె వెళ్ళాక అన్నదమ్ములిద్దరికీ పన్నెండేళ్ళు అన్నం పుట్టదు. చివరికి ఆమె చేతి అన్నమే తిని, ఆమె షరతుకు ఒప్పుకుంటారు. జగన్నాథుడి ప్రసాదం దగ్గర కులభేదం ఉండకూడదన్నదే ఆ షరతు.

మా అమ్మాయి ఈ కథ పక్కింట్లో విని వచ్చిన సంవత్సరమే ఒక పెద్ద చర్చ జరిగింది. మా ఇంట్లో పనిచేసే ఆమెను కూడా పిల్లలు మావుసి అనే పిలుస్తారు. అప్పుడు మా ఇంట్లో ఉన్న ఒక పెద్ద బంధువు ఆమెకు టీ ఇవ్వడానికి ఒక గ్లాసు వేరుగా కిటికీలో పెట్టారు. అమ్మాయి ఆ గ్లాసు తెచ్చి అందరి ముందూ అడిగింది: "శ్రియ వస్తే ఇందులోనే ఇస్తారా?" ఆవిడ కోపగించుకున్నారు, పిల్లలకు భయం లేకుండా పెంచుతున్నామని నన్నూ అన్నారు. నేను పిల్ల పక్షానే నిలబడ్డాను. గుమ్మంలో లక్ష్మీపాదాలు గీసి, ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చే మనిషికి వేరే గ్లాసు ఇస్తే ఆ పాదాలకు అర్థం లేదని చెప్పాను. ఆవిడ మనసు మారిందని నేను చెప్పలేను. గ్లాసు మాత్రం మిగతా గ్లాసులతో కలిసిపోయింది. ఆ రోజునుంచి ఇంట్లో ఏ అలంకారం పెట్టాలన్నా నాకు ముందు అదే గుర్తొస్తుంది: దీని ముందు మేం ఎలా ప్రవర్తించబోతున్నామో పిల్లలు చూస్తారు.

సవర చిత్రాల విషయంలోనూ అలాగే తేల్చుకోవలసి వచ్చింది. ఎర్రటి నేపథ్యం మీద తెల్లటి సన్నని మనుషులు, ఏనుగులు, చెట్లు ఇప్పుడు చీరల మీదా సంచుల మీదా గోడ కాగితాల మీదా అంతటా కనిపిస్తున్నాయి. అమ్మాయి తన గది గోడమీద అవి వేస్తానంది. మా జిల్లాలోనే గుణుపూర్ దగ్గర పుట్టాసింగ్ ప్రాంతంలో లాంజియా సవరలున్నారు. వాళ్ళు ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మను ఇడితాల్ అంటారు. చనిపోయిన పెద్దల కోసం, జబ్బు తగ్గాలని, పంట బాగా పండాలని వేస్తారు. ఒక ఇంటి ఆకారం గీసి, దేవతనో పెద్దలనో అందులోకి వచ్చి ఉండమని పిలుస్తారు. దాని ముందు నైవేద్యం పెడతారు. ఇది తెలిశాక, మన దేవుడి గదిని ఎవరో తమ వసారాకు అంచు డిజైనుగా వాడుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించమని అమ్మాయికి చెప్పాను. కాసేపు అలిగింది. తర్వాత మేం ఒక సవర చిత్రకారుడు గుడ్డ మీద వేసి అమ్మిన బొమ్మను అతని చేతినుంచే, అతను చెప్పిన ధరకే కొన్నాం. అందులో పూజ లేదు. కోతలూ, సంతా, నాట్యమూ ఉన్నాయి. అమ్మకానికని వేసినది కాబట్టి మాకు సంకోచం లేదు.

ఈ కళకూ, నియమగిరి కొండల్లోని డొంగరియా కొంధు గిరిజనుల కుట్టుపని శాలువాకూ 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ శాలువా ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో డొంగరియా ఆడపిల్లలు కుట్టేది. బుధవారం చాటికోన సంతకు వెళ్తే కొండ దిగి వచ్చిన వాళ్ళు దాన్ని కప్పుకొని కనిపిస్తారు. కొన్నిచోట్ల దాన్ని కత్తిరించి దిండు గలీబులు చేశారని చూసినప్పుడు నాకు బాధ వేసింది. మా ఇంట్లో అది కొక్కేనికి వేలాడుతుంది, చలి రోజుల్లో మా అబ్బాయి కప్పుకొని చదువుకుంటాడు.

పిల్లల బల్ల పైన ఉన్న ఒకే ఒక్క ఫోటో గిడుగు రామమూర్తి పంతులుగారిది. మనకు ఆయన వ్యావహారిక భాషా ఉద్యమకారుడు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం. మాకు అంతకుమించి దగ్గరివారు. ఇక్కడికి ఎంతో దూరం లేని పర్లాకిమిడిలో రాజావారి బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు, సవర భాషకు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆ ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. తన భాష కోసం అంత పట్టుదల ఉన్న మనిషే పొరుగువాళ్ళ భాషకు జీవితంలో ఎక్కువ భాగం ఇచ్చారు. సరిహద్దులో పెరిగే పిల్లలకు ఇంతకన్నా మంచి ఫోటో నాకు దొరకలేదు.

సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువు మాత్రం పూర్తిగా పిల్లలకు వదిలేశాం. ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలు, రాజమండ్రి నుంచి అమ్మమ్మ పంపిన పెళ్ళి బొమ్మలు, గంజాం జిల్లా బెల్లగుంఠలో చేసే అతుకుల ఇత్తడి చేప, పూరీ కొయ్య జగన్నాథుడు, సుభద్ర, బలభద్రుడు. పై మెట్టు మీద ఎవరుండాలన్న దగ్గర ఇంట్లో ప్రతిసారీ వాదన జరుగుతుంది. నానమ్మ సీతారాముల వైపు, అబ్బాయి జగన్నాథుడి వైపు. నేను తీర్పు చెప్పను. పేరంటానికి వచ్చిన ఒడియా స్నేహితురాళ్ళకు మా అమ్మాయి బొమ్మల కథలు ఒడియాలో చెబుతుంది, పాట తెలుగులో పాడుతుంది.

ఇలాంటి ఊళ్ళలో పిల్లల్ని పెంచుతున్న తోటి తల్లులకు చెప్పదగ్గ పద్ధతి మాది ఒకటుంది. ఇంట్లోకి వచ్చిన ప్రతి వస్తువు వెనకా చిన్న కాగితం అంటించి, ఏ ఊరిది, ఎవరు చేశారు, ఎప్పుడు వాడతారు అన్నది పిల్లల చేత రాయిస్తాం. ఒకరు తెలుగులో రాస్తే ఇంకొకరు ఒడియాలో. చేసినవాళ్ళ పేరు అడగడానికి మొదట్లో అబ్బాయి సిగ్గుపడేవాడు. ఇప్పుడు సంతలో బేరం మొదలవకముందే అడిగేస్తాడు.