గేర్‌బాక్స్ ఆయిల్ లీకు: ఇంట్లోనే సరిచేసుకున్న నా అనుభవం

మా ఆటోమేటిక్ కారు నిలిపిన చోట నేల మీద ఎర్రటి జిడ్డు చుక్కలు పడుతుంటే, అది ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిలేనని గుర్తించడం కష్టం కాలేదు. ఇంజన్ ఆయిల్ తేనెరంగులోనో నల్లగానో ఉంటుంది. కూలెంట్ కూడా కొన్ని కార్లలో ఎర్రగానే ఉంటుంది గానీ, అది నీళ్లలో కలిసిపోతుంది. ఈ చుక్క నీటి మీద తేలింది.

శ్రమంతా లీకు ఎక్కడుందో కనిపెట్టడంలోనే ఉంది. బండి నడిచేటప్పుడు ఆయిల్ గాలికి వెనక్కి పాకి అడుగుభాగమంతా పూసుకుంటుంది కనుక, చుక్క రాలిన చోటే లీకు ఉందని అనుకోవడానికి వీల్లేదు. చదునైన నేల మీద చక్రాలకు అడ్డు పెట్టి, కారును జాకీ స్టాండ్ల మీద నిలిపి (ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు), అడుగంతా బ్రేక్ క్లీనర్‌తో కడిగి, కొంతసేపు నడిపి వచ్చి మళ్లీ టార్చి వేసి చూశాను. ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ గొట్టాల కీళ్లు, యాక్సిల్ సీళ్లు (ఇరుసుల దగ్గర ఆయిల్ కారకుండా ఆపే వలయాలు) పొడిగా ఉన్నాయి. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం లాంటి ప్యాన్ అంచున, వెనుక మూల రెండు బోల్టుల మధ్య మాత్రం సన్నటి ఎర్రటి తడి గీత కనిపించింది.

ఆ బోల్టులనే ఇంకాస్త బిగిస్తే సరిపోదా అనిపిస్తుంది. కానీ ప్యాన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఆయిల్ కారకుండా పెట్టే గ్యాస్కెట్ పట్టీ గట్టిపడిపోతే బిగింపుతో మెత్తబడదు, పైగా రేకు ప్యాన్ అంచు వంగి లీకు పెరుగుతుంది. అందుకే కొత్త గ్యాస్కెట్, ఫిల్టరు తెచ్చుకుని, ఇంజన్ చల్లబడ్డాక ఒక వైపు బోల్టులు వదులు చేసి, ప్యాన్‌ను వాల్చి ఆయిల్ పట్టాను. ప్యాన్‌లోని అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంది; అది మామూలు అరుగుదలే. లోహపు ముక్కలు కనిపించి ఉంటే పని అక్కడితో ఆపేసేవాణ్ణి.

అన్నిటికంటే ఓపిక కావలసింది పాత గ్యాస్కెట్ గీకడానికి. గేర్‌బాక్స్ వైపున్నది మెత్తటి అల్యూమినియం కనుక ఇనుప పరికరం గీత పెడితే అదే కొత్త లీకవుతుంది; ప్లాస్టిక్ గీకుడుబిళ్లతోనే తీశాను. బోల్టు రంధ్రాల చుట్టూ గుంటపడ్డ ప్యాన్ అంచును చెక్క మీద పెట్టి సుతారంగా తట్టి చదును చేశాను. ఫిల్టరు మార్చాక బోల్టులను ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పిన 10 న్యూటన్ మీటర్లకే బిగించాను. చక్రాల నట్ల బిగింపులో ఇది ఇంచుమించు పదోవంతు.

కారిన ఆయిల్‌ను కొలిచి, మాన్యువల్ పేర్కొన్న రకాన్నే అంతే పోశాను. మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉండిపోతుంది కాబట్టి ప్యాన్ విప్పినంత మాత్రాన మొత్తం దిగదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి, బ్రేకు తొక్కి, గేరు లివర్‌ను అన్ని స్థానాలకూ తిప్పి, ఆయిల్ వేడెక్కాక డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూశాను. కొన్ని కార్లలో ఇంజన్ ఆపి చూడాలి, కొన్నిటికి డిప్‌స్టిక్కే ఉండదు.

ప్యాన్ అంచు ఇప్పుడు పొడిగా ఉంది. అదే లీకు ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే ముందు సీలుదైతే, గేర్‌బాక్స్ మొత్తం దించాలి కనుక, నేను ఇంట్లో ముట్టుకునేవాణ్ణి కాదు.