బంతిపూల పరీక్ష: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వెతుకులాట లాగ్

ముందు నా దగ్గరున్న సరంజామా చెప్పేస్తా. సెకండ్ హ్యాండ్ కెనాన్ 1500డి కెమెరా, దాంతో వచ్చిన 18-55 కిట్ లెన్స్, ల్యాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఇది ఎందుకంటే ఫొటోలు ఎడిట్ చెయ్యడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదిరా అని ఎవర్ని అడిగినా వాళ్ల మెషిన్ మీద ఎలా నడిచిందో చెప్తారు గానీ నా డబ్బా మీద ఎలా నడుస్తుందో వాళ్లకేం తెలుసు పాపం.

ఇన్నాళ్లూ జేపెగ్ తీసుకుని ఫోన్లో స్నాప్‌సీడ్ అనే ఎడిటింగ్ యాప్‌తో లాగించా. బతుకమ్మ మొదలైన దగ్గర్నుంచి రా ప్లస్ జేపెగ్ పెట్టేశా, రా అంటే కెమెరా సెన్సర్ పట్టింది వండకుండా దాచిన ఫైల్. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, ఈ కెమెరా రా ఫైల్ 14 బిట్ కాబట్టి 16,384 మెట్లు, నీడల్ని లేపినప్పుడు, అంటే చీకటి భాగాల్లో వెలుగు పెంచినప్పుడు, తేడా అక్కడ తెలుస్తుంది. ఫైల్ మాత్రం ఒక్కోటి 25 ఎంబీ అటూఇటూ ఉంటుంది, హార్డ్ డిస్క్ సంగతి ముందే చూసుకోండి.

పరీక్షకి పెట్టిన ఫొటోలు

ఫీచర్ల లిస్టులు చదివి చదివి బుర్ర వేడెక్కి, నావే మూడు మొండి ఫొటోలు తీసి పక్కన పెట్టా, ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ అవే. ఒకటి, హనుమకొండ వేయిస్తంభాల గుడి లోపల్నుంచి తీసింది, నల్లరాయి స్తంభాలు చీకట్లో, వెనకాల బయట మిట్టమధ్యాహ్నం ఎండ. రెండు, మా నాయనమ్మ అరుగు మీద కూర్చున్న ఫొటో, ఒక చెంప మీద పగటి వెలుగు, ఇంకో చెంప మీద ఎల్ఈడీ బల్బు. మూడు, రాత్రి ఫ్లడ్ లైట్ల కింద బతుకమ్మ, ఐఎస్ఓ 3200 (చీకట్లో సెన్సర్ సున్నితత్వం పెంచడం, దాంతోపాటు నాయిజ్ అనే గరుకు కూడా వస్తుంది), వరసగా తంగేడు, రంగు అద్దిన గునుగు, పైన ముద్దబంతి.

మూడోదే అసలు పరీక్ష. జేపెగ్‌లో జూమ్ చేసి చూస్తే బంతిపువ్వు రేకులన్నీ కలిసిపోయి ఒకటే నారింజ ముద్ద, రేకుకీ రేకుకీ మధ్య గీత లేదు. కెమెరా వెనక చూసుకుంటే మామూలు బ్రైట్‌నెస్ హిస్టోగ్రామ్‌లో (ఫొటోలో వెలుగు ఎక్కడ ఎంతుందో చూపే గ్రాఫ్) అంతా బాగానే ఉంది, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్జీబీ హిస్టోగ్రామ్‌కి మారిస్తే ఎరుపు ఒక్కటీ కుడిపక్క గోడకి కొట్టుకుని ఉంది, అంటే ఎరుపు నిండిపోయి వివరం పోయింది. బంతి, మందారం, ఎర్ర పట్టుచీర తీసేవాళ్లు ఆ ఆర్జీబీ హిస్టోగ్రామే పెట్టుకోండి. అది కూడా కెమెరా తయారుచేసే జేపెగ్‌ని బట్టి గీసేదే, రాలో ఇంకొంచెం మిగిలి ఉంటుంది.

లైట్‌రూమ్ ట్రయల్

అడోబీ వాళ్లది. బాగుంది, లేదనడానికి లేదు. గుడి ఫొటోలో బయట ఆకాశాన్ని ఒక్క క్లిక్‌తో పట్టుకుంది, ఆ మాస్కింగ్ (ఫొటోలో ఒక భాగాన్నే ఏరుకుని మార్చడం) 2021లో వచ్చింది, నేను వాడి చూసిన ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఆ సుఖం నాకు దొరకలేదు. 2023లో వచ్చిన ఏఐ డీనాయిజ్, అంటే గరుకు తీసేది, బతుకమ్మ ఫొటో మీద పెట్టా, గ్రాఫిక్స్ కార్డ్ లేదు కాబట్టి నేను వెళ్లి టీ పెట్టుకుని తాగి వచ్చేదాకా నడుస్తూనే ఉంది, ఫలితం మాత్రం శుభ్రంగా వచ్చింది. ఇబ్బంది చందా. ఒకసారి కొనుక్కుని వాడుకునే వెర్షన్ 2015లో వచ్చిన లైట్‌రూమ్ 6తోనే ఆఖరు. చందా ఆపేస్తే లైట్‌రూమ్ క్లాసిక్‌లో (కంప్యూటర్లో వాడే వెర్షన్) ఫొటోలు చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, ఎడిట్ చేసే డెవలప్ మాడ్యూల్ మాత్రం మూసుకుపోతుంది. పెళ్లిళ్లు తీసి సంపాదించేవాళ్లకి లెక్క కుదురుతుంది, ఆదివారం ఫొటోగ్రాఫర్‌ని నాకు నెలనెలా ఎందుకు అనిపించింది.

కెనాన్ డీపీపీ

డీపీపీ అంటే డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, కెనాన్ వాళ్ల సొంత రా ఎడిటర్. కెమెరా కొన్నవాళ్లకి ఇది ఉచితమని చాలామందికి తెలీదు. డౌన్‌లోడ్ దగ్గర కెమెరా సీరియల్ నంబర్ అడుగుతుంది, కెమెరా అడుగున ఉంటుంది చూడండి. నాయనమ్మ ఫొటో దీంట్లోనే అన్నిటికన్నా తొందరగా కుదిరింది. పిక్చర్ స్టైల్ (కెనాన్ రెడీమేడ్ రంగుల సెట్టింగ్) పోర్ట్రెయిట్ పెట్టి వైట్ బ్యాలెన్స్ కొంచెం వెచ్చగా, అంటే పసుపు వైపు, జరిపితే చాలు, ఒంటి రంగు కెమెరా ఇచ్చిన మాదిరే వస్తుంది. కానీ మొహంలో ఒక చెంప ఒక్కటే సరిచేద్దామంటే తేలిగ్గా కుదిరే దారి నాకు దొరకలేదు. నికాన్ వాళ్లకి ఇలాంటిదే ఎన్ఎక్స్ స్టూడియో ఉంది, అదీ ఉచితమే.

ఫొటోషాప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ గురించి ఒక్క ముక్క. అది నేరుగా రా తెరవదు, డార్క్‌టేబుల్ గానీ రాథెరపీ గానీ (రెండూ ఉచిత రా ఎడిటర్లే, కింద చెప్తా) ఉంటే వాటిని పిలుస్తుంది. వైరు చెరపడం, పోస్టర్ చెయ్యడం లాంటివాటికి ఉంచుకున్నా.

రాథెరపీ

తెరవగానే నచ్చింది, ఎందుకంటే ఆటో మ్యాచ్డ్ కర్వ్ అని ఒకటుంది, రా ఫైల్ లోపల దాగున్న చిన్న జేపెగ్‌ని చూసి దానికి దగ్గరగా తెచ్చి పెడుతుంది, కాబట్టి మొదట్లోనే ఫొటో పాలిపోయినట్టు కనపడదు. నా ల్యాప్‌టాప్ మీద తేలిగ్గా నడిచింది. ఒక్కటి గుర్తుంచుకోండి, షార్ప్‌నింగ్, నాయిజ్ లాంటివి వంద శాతం జూమ్‌లోనే కనపడతాయి, ఫిట్ వ్యూలో స్లైడర్ ఎంత లాగినా ఏమీ మారట్లేదేంటి అనుకుంటాం. స్లైడర్లు మరీ ఎక్కువ, కొన్ని పేర్లు చూస్తే ఇంజినీరింగ్ సెకండియర్ గుర్తొస్తుంది.

డార్క్‌టేబుల్, ప్రస్తుతానికి ఇక్కడే ఆగా

తెరిస్తే ఫొటో ముందు మామూలుగా కనపడి, ఎడిట్‌లోకి వెళ్లగానే చప్పగా మారిపోతుంది. ముందు కనపడింది కెమెరా జేపెగ్, తర్వాతది నిజం రా, అంతే, కంగారు పడక్కర్లేదు. మాడ్యూళ్ల (ఒక్కో పనికి ఒక్కో పనిముట్టు) మెనూలో బిగినర్ వర్క్‌ఫ్లో అని ఒక ప్రీసెట్ ఉంటుంది, అది పెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

నేను వెళ్లే వరస ఇది: ఎక్స్‌పోజర్ (మొత్తం వెలుగు), కలర్ క్యాలిబ్రేషన్ (రంగుల సవరణ), సిగ్మాయిడ్ (రాలో ఉన్న వెలుగుని స్క్రీన్‌కి సరిపడా కుదించేది), లెన్స్ కరెక్షన్ (లెన్స్ లోపాల సవరణ), డీనాయిజ్ ప్రొఫైల్డ్ (గరుకు తగ్గించేది). బంతిపూలు లొంగింది ఇక్కడే. వెలుగు పెంచితే నారింజ కాస్తా పసుపులోకి జారిపోతోంది, సిగ్మాయిడ్‌లో ప్రిజర్వ్ హ్యూ (రంగు జారకుండా పట్టుకునేది) అన్న స్లైడర్‌ని వందకి తీసుకెళ్లి, ఎక్స్‌పోజర్ అర స్టాప్ (ఒక స్టాప్ దించితే వెలుగు సగమవుతుంది) దించి, పక్కన జనాన్ని మాస్క్‌తో మళ్లీ లేపా. అప్పుడు చూడాలి, రేకుల అంచుల్లో ముదురు గీత ఒక్కొక్కటే బయటపడింది, మధ్యలో చిన్న రేకులు సుడి తిరిగి ఉన్నాయి, అవి జేపెగ్‌లో లేనే లేవు.

గుడి ఫొటోకి చేత్తో గీసిన మాస్క్, దానికి తోడు వెలుగుని బట్టి ఏరుకునే పారామెట్రిక్ మాస్క్ కలిపి వాడా. టైం పట్టింది, లైట్‌రూమ్‌లో ఒక్క క్లిక్ పని అది. మాస్కులు రెండు మూడు అయ్యేసరికి ల్యాప్‌టాప్ ఫ్యాన్ గోల మొదలు, డీనాయిజ్ ఆఖర్న ఆన్ చేస్తే కొంచెం నయం. ఎడిట్లన్నీ ఫొటో పక్కనే ఎక్స్ఎంపీ అనే చిన్న ఫైల్లో కూర్చుంటాయి, బ్యాకప్ తీసేటప్పుడు రా ఒక్కటే కాపీ చేసి దాన్ని వదిలెయ్యకండి.

కాబట్టి ఇప్పుడు నడుస్తున్న పద్ధతి: ఇంట్లో ఫంక్షన్లు, మనుషుల ఫొటోలు డీపీపీ, మొండివి డార్క్‌టేబుల్. రాథెరపీ అన్‌ఇన్‌స్టాల్ చెయ్యలేదు, డార్క్‌టేబుల్ మరీ నత్తనడక నడిస్తే దానికే మారిపోతా.

తర్వాత పని ప్రింటింగ్. ఎస్ఆర్‌జీబీ (ఎక్కువగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తున్నా, స్క్రీన్ వెలుగు సగానికి దించి ఎడిట్ చేస్తున్నా, ఫుల్‌లో పెట్టి చేస్తే ప్రింట్ నల్లగా వస్తుంది. మన కెమెరా ఫ్రేము 3:2 కాబట్టి 8x12 సైజు చెప్తే ఎక్కడా కోత పడదు, 8x10 చెప్తే నిడివిలో రెండంగుళాలు ఎగిరిపోతాయి, బతుకమ్మ ఫొటోలో అంచున ఉన్న మా అత్తమ్మలిద్దరూ దాంతోపాటే పోతారు. 8x12కే చెప్పా.