‘గెట్’ అంటే పది రూపాయలు ఫైన్: ఓఈటీ స్పీకింగ్‌లో నా అనుభవం

ఓఈటీ, అంటే ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష, దాని ఫలితం వచ్చింది. లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లోనూ బీ గ్రేడు, రైటింగ్‌లో సీ ప్లస్. యూకే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ అడిగేది సరిగ్గా అంతే. మా శ్రీకాకుళం జిల్లా నుంచి ఈ దారిలో ఉన్న నర్సులు ఇప్పుడు చాలామందే. నేను పడ్డ మాట వాళ్లు పడకూడదని వెంటనే రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ పెద్ద పనేం కాదు. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే కొట్టండి. లిజనింగ్, రీడింగ్‌కి నమూనా పేపర్లు పట్టుకుని కూర్చుంటే చాలు.

స్పీకింగ్ కోసం విశాఖలో ఒక కోచింగ్‌లో చేరాను. పేరు చెప్పను. నైట్ డ్యూటీ దిగి, కాంప్లెక్స్‌లో బస్సెక్కి, నిద్ర కళ్లతో వెళ్లేదాన్ని. అక్కడి మాస్టారు క్లాసు మొదలుపెట్టిన రోజే గెట్ అనే క్రియని నిషేధించేశారు. అది చదువు రానివాళ్ల మాటట. దానికి బదులు వాడాల్సినవంటూ ఒక జిరాక్స్ కాగితం పంచారు: అబ్టైన్, అక్వైర్, రిసీవ్, ప్రొక్యూర్, అటైన్. టేబుల్ మీద ఖాళీ హార్లిక్స్ సీసా పెట్టి, ఎవరి నోట గెట్ వస్తే వాళ్లు అందులో పది రూపాయలు వెయ్యాలన్నారు.

ఒకరోజు మాక్ టెస్ట్ పెట్టారు. కార్డు మీద ఇచ్చిన సందర్భంలో మనం నర్సులా, ఎదుటివాళ్లు పేషెంటులా మాట్లాడాలి, దాన్నే రోల్ ప్లే అంటారు. నాకొచ్చిన కార్డులో మోకాలి ఆపరేషన్ అయిన పెద్దాయన, మంచం దిగడానికి భయపడుతున్నాడు. ఆయనకి ధైర్యం చెప్పి నడిపించాలి. ‘ఆర్ యూ ఏబుల్ టు గెట్ అవుటాఫ్ బెడ్?’ అని మొదలుపెట్టానో లేదో, మాస్టారు సీసాని టేబుల్ మీద టక్‌మని కొట్టారు. మళ్లీ చెప్పమన్నారు. నేను వెతుక్కుంటుంటే ‘అరైజ్ ఫ్రమ్ ద బెడ్ అనమ్మా’ అన్నారు. అన్నాను. తర్వాత నొప్పి ఎప్పుడు ఎక్కువవుతుందో అడగబోయి, నడిస్తే గెట్స్ వర్స్ అవుతుందా అన్నాను. మళ్లీ సీసా. ‘శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లంతా ఇంతేనా, లండన్‌లో నిన్ను ఎవరు పెట్టుకుంటారు?’ అన్నారు. బ్యాచ్ అంతా నవ్వింది. అప్పటికి ఏళ్ల తరబడి డయాలసిస్ వార్డులో చేస్తున్నదాన్ని. ఊడిపోబోయే లైను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో బీపీ చూస్తూ, భయపడే మనిషికి ధైర్యం చెప్పినదాన్ని. ఆ నవ్వు మధ్య నోట మాట రాలేదు. పర్సులోంచి నోటు తీసి సీసాలో వేసి కూర్చున్నాను. బస్సులో ఇంటికొచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆ రాత్రి టెక్కలి సీనియర్ అక్కకి ఫోన్ చేశాను. ఆమె యూకేలో సర్జికల్ వార్డులో చేస్తోంది. ‘ఒసే, ఇక్కడ పొద్దున్నుంచీ అందరి నోటా అదే మాట. గెట్ డ్రెస్డ్, గెట్ సమ్ రెస్ట్, హౌ ఆర్ యూ గెటింగ్ ఆన్. అరైజ్ అంటే ముసలమ్మలు నా మొహం చూస్తారు’ అంది. ఆ తర్వాత పరీక్షవాళ్ల సొంత వెబ్‌సైట్‌లో మార్కులు వేసే పద్ధతి చదివాను. స్పీకింగ్‌లో ‘అప్రోప్రియెట్‌నెస్ ఆఫ్ లాంగ్వేజ్’ అని ఒక అంశం ఉంది. పేషెంటుకి తెలిసే మామూలు మాటల్లో చెప్పగలుగుతున్నామా అనేది అందులో చూస్తారు. మాస్టారు మాతో మాన్పిస్తున్నది సరిగ్గా దాన్నే. మా వార్డుకొచ్చే ఉద్దానం తాతని ‘తాతా, లేచి కూర్చోగలవా’ అంటామే గాని గ్రాంథికంలో అడుగుతామా?

రైటింగ్ సంగతి వేరు. అక్కడ రాసేది ఇంకో డాక్టరుకో నర్సుకో పంపే ఉత్తరం, దాదాపు 180 నుంచి 200 మాటలు. అందులో గెట్ తగ్గించాల్సిందే. కానీ ఆ జిరాక్స్ కాగితంలోంచి చేతికందిన మాట పెడితే కుదరదు, దేని చోటు దానిదే. ట్రీట్‌మెంట్‌కి రిసీవ్డ్, ఆపరేషన్‌కి అండర్‌వెంట్. జ్వరం వస్తే డెవలప్డ్, పరిస్థితి పాడైతే డిటీరియొరేటెడ్. సమ్మతి తీసుకుంటే అబ్టైన్డ్. అక్వైర్డ్ అనేది ఆసుపత్రిలో అంటుకున్న ఇన్ఫెక్షన్‌కి సరిపోతుంది, తలనొప్పికి కాదు. ప్రొక్యూర్ సామాన్లు కొనేవాళ్ల మాట, పేషెంటు ఉత్తరంలో దానికి పనే లేదు. ఆ కాగితం నమ్మి ‘పేషెంట్ అటైన్డ్ ఫీవర్’ అని రాసిన అమ్మాయిని నేను చూశాను.

మన దగ్గర అందరం బస్సు గెట్ డౌన్ అంటాం. వాళ్లు బస్సుకి గెట్ ఆఫ్, కారుకి గెట్ అవుటాఫ్ అంటారు. మంచానికీ అదే గెట్ అవుటాఫ్. ఇలాంటివి నోటికి అలవాటు కావాలంటే గట్టిగా పైకి అనుకోవాలి. నేను వంట చేస్తూ అనుకునేదాన్ని. మా అత్తగారు పేషెంటులా కూర్చుని తెలుగులో బాధలు చెప్పేవారు, నేను ఇంగ్లీషులో ధైర్యం చెప్పేదాన్ని. ఏ కోచింగూ నాకు ఇంత సాయం చెయ్యలేదు.

పరీక్ష హైదరాబాద్‌లో రాశాను. రోల్ ప్లేకి ముందు కార్డు చదువుకోవడానికి 3 నిమిషాలిస్తారు, మాట్లాడేది 5 నిమిషాలు, అలాంటివి రెండు. ఎదురుగా పేషెంటులా మాట్లాడే మనిషి మార్కులు వెయ్యరు, రికార్డింగ్ విని వేరేవాళ్లు వేస్తారు. అందుకే ఆ మొహంలో ఏం కనబడినా టెన్షన్ పడొద్దు. నేను గెట్ కావాల్సిన చోటల్లా గెట్టే వాడాను, ఎక్కడా తడబడలేదు. బీ గ్రేడు దానికే వచ్చింది.

నిన్న ఆ కోచింగ్ నుంచి ఫోన్ చేశారు, ఫ్లెక్సీ మీద నా ఫోటో వేసుకుంటామని. వద్దని చెప్పి పెట్టేశాను. ఇప్పుడు సీబీటీకి, అంటే యూకేలో నర్సుగా నమోదు కావడానికి కంప్యూటర్ మీద రాసే పరీక్షకి, చదువుతున్నాను.