లేత గులాబీ యూనిఫాం

విశాఖలో జగదాంబ దగ్గర ఒక చీరల షాపులో నా పని. పరుపుల మీద తెల్లగుడ్డ పరిచి ఉంటుంది. దాని మీద కూర్చుని రోజంతా చీరలు విప్పి చూపించాలి. మాకిచ్చిన యూనిఫాం లేత గులాబీ చీర. ఆ రంగు ఎంచిందెవరో గానీ, ఆడమనిషి మాత్రం అయ్యుండదు.

నాకున్నది సీఎంఎల్. బ్లడ్ క్యాన్సరే గానీ, రోజూ మాత్రలు వేసుకుంటూ ఏళ్ల తరబడి అదుపులో ఉంచుకోగలిగే రకం. మొదటి రెండేళ్లు ఇమాటినిబ్ 400 వాడాను. తర్వాత బీసీఆర్-ఏబీఎల్ పరీక్షలో, అంటే ఒంట్లో ఈ జబ్బు ఎంత మిగిలిందో చెప్పే రక్త పరీక్షలో, అంకె తగ్గాల్సింది పోయి పెరిగింది. డాసాటినిబ్ 100కి మార్చారు.

మార్చిన మూడో నెల నుంచి డేట్ వస్తే భయమే. ఐదు రోజుల్లో ఆగేది పది రోజులైనా ఆగదు. మొదటి మూడు రోజులు గంటకో ప్యాడ్. రూపాయి బిళ్ల కన్నా పెద్ద గడ్డలు. రాత్రి పక్క మీద పాత దుప్పటి మడతపెట్టి పడుకునేదాన్ని. షాపులో లేచినప్పుడల్లా ముందు తెల్లగుడ్డ వైపు చూసేదాన్ని, తర్వాతే కస్టమర్ వైపు. క్యాన్సర్ అని చెప్పిన రోజు కూడా అంత టెన్షన్ పడలేదంటే నవ్వుతారేమో.

"నలభై దగ్గర పడతంటే ఇలాగే ఉంటాది, నాకూ ఇంతే," అంది అమ్మ. సరే కాబోలనుకున్నాను. నొప్పికి మెడికల్ షాపులో మెఫనమిక్ యాసిడ్ మాత్రలు కొనుక్కుని మింగేదాన్ని. క్యాన్సర్ డాక్టర్ గారు ప్రతిసారీ "ఇంకేమైనా ఇబ్బందా?" అని అడిగేవారు. "ఏం లేదు సార్." మగాయన, పైగా అంత పెద్ద జబ్బు చూసే ఓపీలో నెలసరి సంగతేం చెప్తాం!

ఆ ఏడాది చందనోత్సవానికి ఇంట్లో అందరూ సింహాచలం వెళ్లారు. నాకది తొమ్మిదో రోజు, ఇంకా ఆగలేదు. మేడ మీద బట్టలు తీద్దామని ఎక్కుతుంటే సగం మెట్ల దగ్గరే గుండె దడదడలాడింది. కూర్చుండిపోయాను. గోళ్లు చూసుకుంటే సున్నం రాసినట్టున్నాయి.

రెండు రోజుల తర్వాత రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 7.1. కనీసం లక్షన్నర ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 38 వేలు. "ఎక్కడైనా బ్లీడింగ్ అవుతోందా?" అన్నారు డాక్టర్ గారు. నర్సమ్మ చెవిలో చెప్పాను. ఆవిడ గట్టిగా, అందరికీ వినపడేలా ఆయనకి చెప్పేసింది. అప్పుడు తిట్టుకున్నాను గానీ, ఎనిమిది నెలలు నేను చెప్పలేనిది అర నిమిషంలో తేల్చేసింది.

డాసాటినిబ్ ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గిస్తుందట. ఉన్నవాటిని కూడా సరిగ్గా అతుక్కోనివ్వదట. మెఫనమిక్ కూడా వాటిని అలాగే అతుక్కోనివ్వదట. అంటే నొప్పికని వేసుకున్న మాత్రతో రక్తం ఇంకా పోగొట్టుకున్నానన్నమాట.

రెండు యూనిట్ల రక్తం ఎక్కించారు. ప్లేట్‌లెట్లు 50 వేలు దాటేదాకా డాసాటినిబ్ ఆపమన్నారు. ఆ పన్నెండు రోజులూ పొద్దున్నే చెయ్యి డబ్బా మీదకి పోయేది. మందు లేకుండా లోపల ఏం పెరుగుతోందోనని నిద్ర పట్టేది కాదు.

గైనిక్ డాక్టరమ్మ స్కాన్ తీయించారు, గర్భసంచిలో గడ్డలేమీ లేవు. కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అడిగి, ఎక్కువగా పోయే రోజులకి రక్తం పోవడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు రాశారు. నొప్పికి పారాసిటమాల్ మాత్రమే. ఐరన్ మాత్రలకి కడుపు మండిపోయేది. గ్యాస్ మాత్ర వేసుకోబోతే క్యాన్సర్ డాక్టర్ గారు ఆపారు. కడుపులో పులుపు తగ్గితే డాసాటినిబ్ ఒంటికి పట్టదట. భోజనం తర్వాత ఐరన్ వేసుకుంటే కాస్త నయమనిపించింది.

మందు మళ్లీ మొదలుపెట్టిన రెండు నెలలకి ప్లేట్‌లెట్లు మళ్లీ పడ్డాయి. ఈసారి డోసు 80కి తగ్గించారు. అవి లక్ష దాటాక, ఇద్దరు డాక్టర్లూ ఫోన్లో మాట్లాడుకుని, నెలసరి పలచబడేలా గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ వేశారు. నాలుగు నెలలు చుక్కచుక్కగా రోజూ కనబడుతూనే ఉంది. తీసేయమని అడుగుదామని రెండుసార్లు బయల్దేరి వెనక్కొచ్చాను. ఐదో నెల నుంచి రెండు రోజులు, అదీ పలచగా. హిమోగ్లోబిన్ 11.4. బీసీఆర్-ఏబీఎల్ 0.1 శాతం లోపుకొచ్చింది.

మొన్న యూనిఫాం రంగు మార్చమని ఓనర్ గారిని అడిగాను. ఎందుకని అడిగితే ఎందుకో కూడా చెప్పాను. ఆయన బిల్లు పుస్తకంలోకి చూస్తూ "దసరాకి చూద్దాంలే అమ్మా" అన్నారు.