సస్టైనబిలిటీ ఉద్యోగం అంటే ముందు మీటర్లు చూడటం

"అక్కా, సస్టైనబిలిటీ మేనేజర్ కావాలంటే ఏ కోర్సు చేయాలి?" ఎస్వీ యూనివర్సిటీ జూనియర్లు ఈమధ్య అడిగేది ఇదొక్కటే. కోర్సు సంగతి తర్వాత చెప్తాను. అసలు ఈ ఉద్యోగం చిత్తూరు దాకా ఎలా వచ్చిందో తెలిస్తే సగం అర్థమైనట్టే.

మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టును (పర్యావరణం, సమాజం పట్ల కంపెనీ బాధ్యతల లెక్క) స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. ఎంత కరెంటు, ఎంత నీరు, ఎంత వ్యర్థం, ఎంత కార్బన్, అన్నీ రాయాలి. మేం ఆ వెయ్యిలో లేం, ఉండబోం కూడా. తోతాపురి మామిడి గుజ్జు తీసి డ్రమ్ముల్లో నింపి పంపే ఫ్యాక్టరీ మాది. కానీ ఆ గుజ్జు కొనేవాళ్లలో పెద్ద కంపెనీలున్నాయి, విదేశీ కొనుగోలుదార్లున్నారు. వాళ్ల లెక్క తేలాలంటే మా లెక్క కావాలి. అలా ఓ పొడవాటి ఎక్సెల్ ఫారం మా మేనేజర్ గారి మెయిల్లో పడింది. ల్యాబ్‌లో బ్రిక్స్ (తీపి కొలత), పులుపు చూసుకుంటున్న నన్ను పిలిచి, "కెమిస్ట్రీ చదివినావు కదమ్మా, నువ్వే చూసుకో" అన్నారు. అదే నా అపాయింట్‌మెంట్. జీతం పెరిగింది చాలా తర్వాత, అది వేరే కథ.

లెక్క కష్టమేం కాదు. గ్రిడ్ నుంచి వచ్చే కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోలు. గుణకారం ఏడో తరగతి పిల్లలూ చేస్తారు. గుణించడానికి అంకె దొరకాలి కదా! స్టోర్‌లో డీజిల్ పుస్తకం జనరేటర్‌కూ ఫోర్క్‌లిఫ్ట్‌కూ కలిపి ఒకటే. బోరుకు మీటరుంది, తిరగదు. బాయిలర్‌కు వచ్చే కట్టెల లారీ వేబ్రిడ్జి చీటీ అకౌంట్స్‌లో దొరుకుతుంది, ఆ కట్టె ఎంత తడిగా వచ్చిందో ఎక్కడా దొరకదు. కట్టెతో ఇంకో మెలిక కూడా ఉంది. అది కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను స్కోప్ 1లో, అంటే ఫ్యాక్టరీ నుంచే నేరుగా వెలువడే వాయువుల లెక్కలో కలపరు, విడిగా చూపిస్తారు. దాంతోపాటు వచ్చే మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ మాత్రం స్కోప్ 1లోకే వస్తాయి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క తడుముకోకుండా చెప్పినా ఎదుటివాళ్లు నిటారుగా కూర్చుంటారు.

నాకు ఫ్యాక్టరీలో మాట చెల్లింది మాత్రం ఫారం వల్ల కాదు, బాయిలర్ నడిపే అన్న వల్ల. మొదట్లో ఆయన దగ్గరికెళ్లి కార్బన్ గురించి మొదలుపెడితే, "అవన్నీ నాకు చెప్పొద్దు మేడమ్, ప్రెజర్ పడిపోతే తిట్లు తినేది నేను" అనేవాడు. నిజమే కదా. నేను కార్బన్ మానేసి, ఆయన లాగ్‌బుక్ చదవడం మొదలుపెట్టాను. ఒకరోజు ఆయనే గుజ్జును ఆవిరితో వేడిచేసే స్టెరిలైజర్ వెనక్కి తీసుకెళ్లి కాలవ చూపించాడు. ఆవిరి పని చేసి నీరైపోయాక, ఆ నీళ్లు పొగలు కక్కుతూ పోతున్నాయి. థర్మామీటర్ పెడితే 90 డిగ్రీలకు దగ్గర. అవతల బాయిలర్‌కు నీళ్లందించే ఫీడ్ ట్యాంకులోకేమో బోరు నీళ్లు చల్లగా పడుతున్నాయి. ఫీడ్ నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కితే ఇంధనం దాదాపు 1 శాతం తగ్గుతుందన్నది బాయిలర్ పనిలో పాత లెక్క. కాలవలో పోయేదాన్ని ట్యాంకుకు మళ్లించి ఫీడ్‌ను 30 డిగ్రీలు పెంచినా 5 శాతం కట్టె మిగులుతుంది, బోరు నీళ్లూ కొంత మిగులుతాయి. చిత్తూరు వైపు బోరు ఎంత లోతుకు దిగాలో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఓనర్ గారికిచ్చిన కాగితంలో కార్బన్ అన్న మాటే రాయలేదు. పైపు ఖర్చు, పంపు ఖర్చు, మిగిలే కట్టెల లారీలు, అంతే. సీజన్ కాగానే పైపు వేశారు. ఇప్పుడు షిఫ్టుకోసారి ఫీడ్ ట్యాంక్ వేడి బాయిలర్ అన్నే రాసిపెడతాడు. ఆవిరిని ఆపి నీళ్లనే వదిలే ట్రాప్ లీకైతే నాకంటే ముందు ఆయనకే టెన్షన్.

ఫారం అడగనివీ కొన్ని ఉంటాయి. కాయలో దాదాపు సగం తొక్కా టెంకా కిందే పోతుంది. దాన్ని ఎత్తుకెళ్లే బండి ఒక్కరోజు రాకపోతే కంపుకు చుట్టుపక్కల ఊళ్లో అన్నం తినలేరు. చక్కెర నీళ్లు కాబట్టి ఈటీపీకి (మురుగునీటి శుద్ధి ప్లాంటు) వచ్చే నీళ్ల బీఓడీ, అంటే అందులోని మలినాలను కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియాకు కావాల్సిన ఆక్సిజన్, వేలల్లో ఉంటుంది, పొలానికి వదలాలంటే లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. కరెంటు ఆదా అని రాత్రిపూట గాలి ఊదే బ్లోయర్ ఆపేస్తే ట్యాంకులో బ్యాక్టీరియా చస్తుంది, మర్నాడు కంపు. నన్నడిగితే, కొత్తగా చేరినవాళ్లు రిపోర్టు ముట్టుకోకముందు ఓ రాత్రి షిఫ్టు ఈటీపీ దగ్గర గడపాలి.

ఇక కోర్సు. ఖరీదైన సర్టిఫికెట్‌కు అప్పుడే డబ్బు కట్టొద్దు. ఎనర్జీ మేనేజర్ పరీక్షకు బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ) ఇచ్చే పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం. వాటిలో బాయిలర్లు, స్టీమ్ అధ్యాయాలు చదవండి. కార్బన్ లెక్క ఎలా కట్టాలో చెప్పే జీహెచ్‌జీ ప్రోటోకాల్ కార్పొరేట్ స్టాండర్డ్ కూడా ఉచితమే. పోనుపోను ఏది కావాలో మీకే తెలుస్తుంది.

రేణిగుంట, శ్రీసిటీ వైపు ఇంటర్వ్యూలకు వెళ్తే, ఈ పోస్టు ఎవరికి రిపోర్టు చేయాలో మీరే అడగండి. ప్లాంట్ హెడ్‌కైతే చేరిపోండి. హెచ్‌ఆర్‌కైతే కాస్త ఆలోచించండి, జూన్ 5న మొక్కలు నాటి ఫొటోలు దిగడమే ప్రధాన డ్యూటీ కావచ్చు. మామిడి ఫ్యాక్టరీలోనైతే ఆ రోజు మొక్క పట్టుకోవడానికి కూడా మనిషి దొరకడు, గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి.