షింగిల్ రూఫ్‌కి ఏ మేకు, ఎక్కడ, ఎంత లోతు

అమెరికాలో డల్లాస్ చుట్టుపక్కల గట్టి వడగళ్ల వాన పడితే చాలు, కప్పు మారుస్తామంటూ రూఫర్లు తలుపు తడతారు. మనవాళ్లు షింగిల్ (కప్పు మీద పెంకుల్లా వరసలుగా పరిచే తారు పలక) రంగు అడుగుతారు, వారంటీ ఎన్నేళ్లో అడుగుతారు, మేకుల ఊసే ఎత్తరు. డాబా ఇళ్లలో పెరిగినవాళ్లకి కప్పుకి మేకేంటి అనిపించడం సహజమే. కానీ గాలికి షింగిల్ లేచిపోకుండా ఆపేవి రెండే: తారు జిగురు పట్టీ, మేకు. ఆ జిగురు ఎండకి మెత్తబడి అతుక్కునేదాకా భారమంతా మేకుదే.

గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న) రూఫింగ్ నెయిల్ వాడాలి, హాట్ డిప్ (కరిగిన జింకులో ముంచినది) అయితే మేలు. కాడ 12 గేజ్ కంటే సన్నగా ఉండకూడదు (గేజ్ అంకె తగ్గేకొద్దీ మేకు లావవుతుంది). తల వెడల్పు కనీసం 3/8 అంగుళం. గాల్వెస్టన్ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో స్టెయిన్‌లెస్ స్టీల్‌కి ఖర్చు పెట్టినా దండగ కాదు. మేకుల బదులు స్టేపుల్స్ (రెండు కాళ్ల పిన్నులు) అంటే మాత్రం ఒప్పుకోవద్దు.

పొడవు లెక్క ఇదీ: మేకు డెక్‌లోకి (షింగిల్స్ కింద పరిచే చెక్క పలకలు) 3/4 అంగుళం దిగాలి, డెక్ అంతకంటే పల్చనైతే మొన అవతలికి రావాలి. 7/16 అంగుళం మందం ఓఎస్‌బీ (చెక్క పేళ్లు జిగురుతో నొక్కి చేసిన పలక) మీద ఒక పొర షింగిల్స్‌కి 1¼ అంగుళాల మేకు సరిపోతుంది. అటకెక్కి టార్చి వేస్తే మొనలు వరసగా కనబడాలి. రిడ్జ్ క్యాప్ (కప్పు నడికొప్పు మీద వేసే షింగిల్స్) దగ్గర పొరలు ఎక్కువ కాబట్టి 1¾ లేదా 2 అంగుళాలవి కావాలి. మేకులు కొట్టే గన్‌లో అప్పటికే ఉన్న పొట్టి మేకుల చుట్టతోనే (కాయిల్) అదీ కానిచ్చేస్తారు, అక్కడ కన్నేసి ఉంచండి.

అసలు తప్పు జరిగేది మేకు కొట్టే చోట. ఆర్కిటెక్చరల్ షింగిల్ అంటే రెండు పొరలు అతికించినది. అవి కలిసే సన్నటి పట్టీ మీదే, గీసి ఉన్న గీతలోనే మేకు పడాలి. అక్కడ పడితే కింది వరస షింగిల్ పైఅంచుని కూడా పట్టుకుంటుంది, అంటే 4 మేకులు కొట్టిన షింగిల్‌ని 8 పట్టుకున్నట్టు. అంగుళం పైకి పోయిందో, ఆ సాయం పోతుంది. వాలు ఎక్కువున్న కప్పు మీద కింది పొర విడిపోయి జారుతుంది కూడా. జిగురు పట్టీలో కొట్టకూడదు. వ్యాలీ (రెండు వాలులు లోపలికి కలిసే పల్లం) మధ్యగీతకి 6 అంగుళాల లోపల అసలే కొట్టకూడదు.

తల షింగిల్‌కి సమంగా ఆనాలి, అంతే. గన్‌లో గాలి ఎక్కువైతే తల షింగిల్‌ని కోసుకుని లోపలికి పోతుంది. గాలివాన తర్వాత పెరట్లో పడ్డ ముక్క తీసి చూడండి, తల సైజులో గుండ్రంగా తెగి ఉంటే కారణం అదే. అలా దిగినచోట రూఫింగ్ సిమెంట్ రాసి పక్కన ఇంకో మేకు కొట్టాలి. పైకి నిలబడిపోతే పై షింగిల్ అతుక్కోదు, సుత్తితో దించాలి. వంకరగా పోయినది పీకి, రంధ్రం పూడ్చి, మళ్లీ కొట్టాలి.

ఇక ఎన్ని? 100 చదరపు అడుగులకి ఇంచుమించు 65 ఆర్కిటెక్చరల్ షింగిల్స్ పడతాయి. 2,500 చదరపు అడుగుల కప్పుకి షింగిల్‌కి 4 చొప్పున 6,500 మేకులు, గాలి ఎక్కువుండే చోట 6 చొప్పున 9,750. కాయిల్ నెయిల్స్ పెట్టెలో 120 చొప్పున 60 కాయిల్స్, మొత్తం 7,200 వస్తాయి. షింగిల్‌కి ఆరు చొప్పున కొట్టామని చెప్పినవాళ్లు ఒక్క పెట్టెతో పని ముగిస్తే ఎలా కుదిరిందో అడగండి.